ఝాన్సీ సర్వీసు రిజిస్టరు

హైమావతి టీచరు పోయింది జూన్ ఇరవై మూడో తారీకున, మంగళవారం, రెండో పీరియడులో. తొమ్మిదో తరగతి బోర్డు మీద వృత్తం గీసింది. వ్యాసార్థం గీయడానికి స్కేలు చేతిలోకి తీసుకుంది. "ఒక్క నిమిషం" అని పిల్లలతో చెప్పి కుర్చీలో కూర్చుంది. మళ్ళీ లేవలేదు. పక్క గదిలో ఆమె భర్త, సోషల్ చెప్పే అప్పలసూరి మాస్టారు, నైరుతి ఋతుపవనాలు ఎటునుంచి ఎటు వస్తాయో ఎనిమిదో తరగతికి చెబుతున్నాడు. పిల్లలు పరిగెత్తుకొచ్చి పిలిచేసరికి ఋతుపవనాలు ఇంకా అరేబియా సముద్రం మీదే ఉన్నాయి.

తీగెలవలస హైస్కూలుకి హెడ్మాస్టరు లేక మూడేళ్ళయింది. అందరికంటే సీనియరు కాబట్టి అప్పలసూరి మాస్టారే ఇన్‌చార్జి. ఇన్‌చార్జి కాబట్టి, కర్మకాండ ముగించుకుని బడికొచ్చిన మొదటి రోజునే భార్య సర్వీసు రిజిస్టరు మూసే పని కూడా ఆయన మీదే పడింది.

సర్వీసు రిజిస్టరంటే ఏమిటో తెలియని అదృష్టవంతులకి ఒక మాట చెప్పాలి. ప్రభుత్వోద్యోగంలో చేరిన మనిషి గురించి పుట్టుమచ్చల దగ్గర్నుంచి పింఛను దాకా సమస్తమూ ఎక్కించే పుస్తకం అది. చేరిన తేదీ, చేరింది పూర్వాహ్నమా అపరాహ్నమా, ఇంక్రిమెంట్లు, బదిలీలు, వాడిన సెలవులు, మిగిలిన సెలవులు, తిన్న మెమోలు అన్నీ అందులో ఉంటాయి. ఎదురుగా నిలబడ్డ మనిషి ఉన్నాడో లేడో కూడా ఆఫీసువాళ్ళు ఆ పుస్తకం చూసుకునే చెబుతారు.

గుమాస్తా తవిటినాయుడు రిజిస్టరు తెచ్చి బల్ల మీద పెట్టి, గోడకేసి చూస్తూ నిలబడ్డాడు.

"ఆఖరి పేజీలో వాక్యం నేను రాసీసినాను మాస్టారూ. మీరు సంతకం పెడితే సాలు. సదవనక్కర్నేదు."

మాస్టారు చదివాడు. ఇరవై నాలుగేళ్ళ ఉద్యోగం అరవై ఎనిమిది పేజీలయింది. ఆమె లెక్కలు ఎలా చెప్పేదో అందులో ఎక్కడా లేదు. ఒకసారి మూడు రోజుల సెలవు చీటీ ఆలస్యంగా పంపిందన్నది మాత్రం రెండు చోట్ల ఉంది. మొదటి పేజీలో గుర్తింపు చిహ్నాలు రాసి ఉన్నాయి. ఎడమ మణికట్టు మీద ఒక పుట్టుమచ్చ, కుడి చెవి వెనక ఒకటి. ఇరవై ఆరేళ్ళ కాపురంలో ఆయన ఆ రెండోది చూడలేదు. ప్రభుత్వం చూసింది.

సంతకం చేసి, తారీకు వేసి, పెన్నుకి మూత పెడుతుంటే బయట ఆటో వచ్చి ఆగింది. ఆటో నిండా కొత్త సర్వీసు రిజిస్టర్లు. లెక్కపెడితే మూడువందల పన్నెండు. ఇంతమంది టీచర్లని వేశారా అని మాస్టారికి ఒక్క క్షణం ఆశ పుట్టింది. తవిటినాయుడు కవరింగు లెటరు చదివి ఆ ఆశ తీర్చేశాడు. అవి టీచర్లకి కావు. పిల్లలకి.

జరిగిందేమిటంటే, పిల్లలు ఆరో తరగతి నుంచే తమ భవిష్యత్తు గురించి ఆలోచించాలని రాజధానిలో ఒక మంచి ఉద్దేశం పుట్టింది. నిజంగా మంచి ఉద్దేశమే. లోకంలో ఎన్ని రకాల పనులున్నాయో పిల్లలకి చూపించాలి, ఎవరికి ఏది నప్పుతుందో వాళ్ళంతట వాళ్ళే నెమ్మదిగా తెలుసుకునేదాకా పెద్దలు తోడుండాలి అని చదువుకున్నవాళ్ళెవరో నూటనలభై పేజీల నివేదిక రాసిచ్చారు. నివేదిక చివర్లో ఒక వాక్యం ఉంది. ప్రతి విద్యార్థికీ తన వృత్తి ప్రయాణం మొదటినుంచి చివరిదాకా కనబడేలా ఒక పుస్తకం ఉంటే బాగుంటుంది అని. పై అధికారులకి నూటనలభై పేజీలు చదివే తీరిక ఉండదు. అందుచేత ఆ ఒక్క వాక్యం కింద ఎర్రగీత గీసి ఫైలు సెక్షనుకి దింపారు.

సెక్షను సూపరింటెండెంటుగారు ముప్ఫై ఒక్కేళ్ళుగా ఉద్యోగుల రిజిస్టర్లు చూస్తున్న మనిషి. ఎర్రగీత వాక్యం చదివి ఆయన కళ్ళు చెమర్చాయట. మొదటినుంచి చివరిదాకా కనబడే పుస్తకాన్ని కొత్తగా కనిపెట్టే పనేముంది? తెల్లవాళ్ళ కాలంలోనే కనిపెట్టేశారు. అచ్చయి, గోడౌన్లో లక్షల కొద్దీ పడి ఉంది. ఆ సెక్షనులో పనిచేసేవాళ్ళెవరికీ బతుకుతెరువుకి ఇంకో ఆకారం ఉంటుందని తెలియదు. వాళ్ళని తప్పుపట్టడానికీ లేదు. వాళ్ళ నాన్నలకీ సర్వీసు రిజిస్టర్లే ఉండేవి.

ఆ విధంగా 'విద్యార్థి భావి సేవా పుస్తక పథకం' వచ్చింది. ఆగస్టు పదిహేడు పూర్వాహ్నంలోగా ఆరు నుంచి పది తరగతుల విద్యార్థులందరూ ఏదో ఒక వృత్తిలో 'చేరవలెను'. చేరినట్టు రిజిస్టర్లో నమోదు 'కావలెను'. ఆ పైన జరిగేదంతా నిబంధనల ప్రకారం దానంతటదే జరుగుతుంది.

మండల విద్యాశాఖాధికారి వరహాలరాజుగారు ఈ పథకం గురించి చెప్పడానికి స్వయంగా వచ్చారు. ఆయన మాట్లాడినా ఉత్తరం రాసినట్టే ఉంటుంది. "తమరికి తెలియజేయునది ఏమనగా" అని మొదలుపెట్టి పిల్లలకి పావుగంట తెలియజేశారు. చివరికి ఎవరికైనా సందేహాలున్నచో అడగవచ్చునన్నారు. ఆరో తరగతి పిల్లవాడొకడు లేచి, బాత్రూముకి వెళ్ళొచ్చా అని అడిగాడు. సరియైన మార్గంలో తరగతి ఉపాధ్యాయుని ద్వారా దరఖాస్తు చేసుకోమన్నారు.

నింపడం మొదలయింది. ముందు పుట్టుమచ్చలు. మూడువందల పన్నెండు మంది చొక్కాలెత్తి, జడలు తప్పించి, తలా రెండు మచ్చలు వెతుక్కునేసరికి వారం గడిచింది. రెండో మచ్చ దొరకని ఏడుగురూ, దొరికిన తర్వాత తెలియజేస్తామని హామీపత్రం రాసిచ్చారు.

తర్వాత వృత్తులు. వికెట్ కీపరు అవుతానన్నవాడికి రిజిస్టరు అరవై రెండో ఏట పదవీ విరమణ చూపించింది. అన్నాళ్ళు వంగుంటే మోకాళ్ళు నొప్పెట్టవా అని వాడు దిగులుగా అడిగాడు. మెడికల్ లీవు ఉందిలే అని తవిటినాయుడు ధైర్యం చెప్పాడు. వాళ్ళ నాన్నలాగే షామియానాలు అద్దెకిస్తానన్న ఏడో తరగతి కుర్రాడి దగ్గర పని ఆగిపోయింది. నియామక అధికారి ఎవరన్న గడి ఖాళీగా వదలకూడదు. రెండు రోజులు ఉత్తరప్రత్యుత్తరాలు నడిచాక వాళ్ళ నాన్నే నియామక అధికారి అని తేలింది. ఆ నాన్న బడికొచ్చి, రెండేళ్ళు వీడి ప్రవర్తన చూసి ప్రొబేషను ఖరారు చేస్తానని వేలిముద్ర వేసి వెళ్ళాడు. ఆ రోజునుంచి ఆ పిల్లవాడు ఇంట్లో ఎదురు మాట్లాడ్డం మానేశాడు. పథకం వల్ల కలిగిన మేలు ఇదొక్కటీ మాస్టారు కళ్ళారా చూశాడు.

ఒకే చోట అయిదేళ్ళకి మించి ఉండకూడదు కాబట్టి బదిలీలు కూడా ముందే వేసెయ్యాలి. టైలరింగు షాపు పెట్టుకుంటానన్న ఎనిమిదో తరగతి అమ్మాయికి షాపుతో సహా నాలుగు మండలాలు దాటి బదిలీ అయింది. అక్కడ ఎవరి బట్టలు కుట్టాలో నాకేం తెలుసని ఆ పిల్ల ఏడిచింది.

వృత్తి మార్చుకోవడం కుదరదు. ఒకసారి చేరాక మార్చాలంటే ఒక్కటే దారి, పరస్పర బదిలీ. అంటే పోలీసు కావాలనుకుంటున్న డాక్టరుకి, డాక్టరు కావాలనుకుంటున్న పోలీసు దొరకాలి. దాంతో మధ్యాహ్న భోజనం వేళ వరండా అంతా సంతలా తయారయింది. "డాక్టరిస్తాను, ఏటిస్తావు?" అని ఒకడు. "నీ డాక్టరెవడిక్కావాలిరా, క్లాసులో పదకొండుమంది ఉన్నారు" అని ఇంకొకడు. ఏడో తరగతి నాగశిరీష కలెక్టరు ఇచ్చేసి పశువుల డాక్టరు పుచ్చుకుంది. కలెక్టరు పెద్దది కాబట్టి అవతలివాడు మూడు రోజుల కోడిగుడ్డు అదనంగా ఇచ్చుకున్నాడు.

ఆ తర్వాత జిల్లా నుంచి సీనియారిటీ జాబితా దిగింది. జిల్లాలో కాబోయే డాక్టర్లు నాలుగువేల నూటపన్నెండు మంది. వాళ్ళలో ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది తాత్కాలిక జాబితా. అభ్యంతరాలుంటే ఏడు రోజుల్లో తెలపాలి. తెలిపారు. తన కొడుకు డాక్టరవుదామని నిశ్చయించుకున్నది పూర్వాహ్నం పదిన్నరకి అనీ, పక్కింటివాళ్ళ అమ్మాయి అపరాహ్నం రెండింటికి గాని నిశ్చయించుకోలేదనీ, అలాంటప్పుడు ఆమె పేరు పైన ఎలా వేస్తారనీ ఒక తండ్రి లాయరు చేత రాయించి పంపాడు. కొడుకు ఆరో తరగతి. ఆ ఫైలు ఇప్పటికీ నడుస్తోంది.

ఇంతవరకూ నవ్వుకుంటే సరిపోయేదే. పదో తరగతి కెల్ల ఝాన్సీ దగ్గర నవ్వు ఆగింది.

ఝాన్సీ తల్లి రాములమ్మ జీడిపప్పు ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టి పప్పు తీస్తుంది. తండ్రి లేడు. పిల్ల చదువులో ముందుంటుంది, ప్రశ్నల్లో అంతకంటే ముందుంటుంది. ఆగస్టు పదిహేడున వరసలో నిలబడి తన వంతు రాగానే, ఏమవుతావమ్మా అని మాస్టారు అడిగితే, "ఇంకా తెలీదు మాస్టారూ" అంది.

అప్పలసూరి మాస్టారు మాటల విషయంలో మొదటినుంచీ పొదుపు మనిషి. భార్య పోయాక మరీను. ఎదుటివాళ్ళు అన్న మాటని పెంచడు, తగ్గించడు. వృత్తి అన్న గడిలో 'ఇంకా తెలియదు' అని గుండ్రని అక్షరాలతో రాసి సంతకం పెట్టాడు.

రిజిస్టరు మండలాఫీసు నుంచి మూడుసార్లు వెనక్కి వచ్చింది. 'ఇంకా తెలియదు' అను వృత్తి జాబితాలో లేదు అని మొదటిసారి. అట్టి వృత్తికి విద్యార్హతలు తెలుపవలెనని రెండోసారి. మూడోసారి రిజిస్టరుతో పాటు మెమో వచ్చింది.

"కుమారి కెల్ల ఝాన్సీ, పదవ తరగతి, తాను చేరవలసియున్న వృత్తిలో గడువులోగా చేరకయు, చేరకపోవుటకు ముందస్తు అనుమతి పొందకయు, ఏ వృత్తి నుండి గైర్హాజరైనదో సైతము తెలియజేయకయు, నాటినుండి నేటివరకు అనధికారికముగా గైర్హాజరైనందున, ఆమెపై క్రమశిక్షణా చర్య ఏల తీసుకొనరాదో పదిహేను దినములలోగా సంజాయిషీ ఇచ్చుకొనవలెను."

కింద చిన్న అక్షరాల్లో ఇంకొకటి ఉంది. అభియోగాలు పెండింగులో ఉన్న విద్యార్థుల పేర్లు పదో తరగతి పరీక్షల జాబితాలో పంపరాదు. ఆ జాబితా వెళ్ళడానికి డిసెంబరు పది ఆఖరి రోజు. పేరు వెళ్ళకపోతే హాల్ టికెట్టు లేదు. హాల్ టికెట్టు లేకపోతే ఝాన్సీకి ఏడాది పోయినట్టే. రాములమ్మ ఇంట్లో ఒక ఏడాది పోయిన ఆడపిల్ల మళ్ళీ బడికి వస్తుందన్న నమ్మకం మాస్టారికి లేదు. జీడి ఫ్యాక్టరీలో ఎప్పుడూ మనుషులు కావాలి.

మెమో సంగతి విని రాములమ్మ పని మానుకుని వచ్చింది. జీడి చమురుకి నల్లబడ్డ వేళ్ళు కొంగులో దాచుకుంటూ కుర్చీలో కూర్చోనంది. మెమో అంతా మాస్టారు చదివి అర్థం చెప్పాడు. ఆమె నెమ్మదిగా విన్నది.

"అంటే మా పిల్లని ఉజ్జోగంలోంచి తీసెస్తారా బావూ?"

"అలాంటిదే."

"మా ఇంటాయన ఉజ్జోగం కోసం పదేళ్ళు తిరిగినాడు. సస్పెండు సెయ్యడానికైనా ఒకటి దొరకనేదు. దీనికి ఉజ్జోగం నేకుండానే పోతందేటి?" అంది. పక్కనే నిలబడ్డ కూతురితో, "ఏదో ఒకటి అనీయొచ్చు కదే. మాటేగా," అంది.

తవిటినాయుడు కూడా అదే సలహా ఇచ్చాడు. నర్సు అని రాసేస్తే గొడవ వదులుతుంది, మెమో తనే చించి పారేస్తానన్నాడు. మాస్టారికీ ఒక పూట ఆ ఆలోచన వచ్చింది. మర్నాడు పిల్లని పిలిచి, రాద్దామా అని అడిగాడు.

"రాస్తే ఇంక మార్చరు కదండీ," అంది ఝాన్సీ. "నర్సు అవకూడదని కాదు మాస్టారూ. నర్సుని ఒక్కసారే చూశాను. అప్పుడు కళ్ళు మూసుకున్నాను, సూది పొడుస్తోందని."

మాస్టారు పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

సంజాయిషీలో ఝాన్సీ అయిదు వాక్యాలు రాసింది. తను దగ్గరగా చూసిన పనులు మూడనీ, పిక్కలు కొట్టడం, పాఠం చెప్పడం, బస్సులో టిక్కెట్లివ్వడం అనీ రాసింది. వాటిలో మొదటిది అమ్మ వద్దంటుంది. మిగతా రెండింట్లో ఏది నచ్చుతుందో తెలియదు. చూడని పనుల గురించి ఏమీ చెప్పలేను, చూపిస్తే చెబుతాను అని ముగించింది. ఈ సంజాయిషీ సంతృప్తికరంగా లేనందున వరహాలరాజుగారు తననే విచారణాధికారిగా నియమించుకుని, నవంబరు ఇరవై ఆరున విచారణకి వచ్చారు.

ఆఫీసు గదిలో ఒక బల్ల, మూడు కుర్చీలు. మూడో కుర్చీ ఆరోపితురాలికి. ఆమె కూర్చుంటే కాళ్ళు నేలకి ఆనాయిగాని, బల్ల మాత్రం గడ్డం దాకా వచ్చింది. తవిటినాయుడు రాసుకుంటున్నాడు.

మీరు కెల్ల ఝాన్సీయేనా అని మొదటి ప్రశ్న.

"ఔనండి. మొన్న మీరొచ్చినప్పుడు పూలగుత్తి ఇచ్చింది నేనే."

అవును లేక కాదు అని మాత్రమే చెప్పవలెనన్నారు రాజుగారు. అవును అని రాయించారు. తరవాతి ప్రశ్నకి గొంతు సవరించుకున్నారు.

"అనధికారికముగా గైర్హాజరైన కాలములో మీరు ఎక్కడ ఉంటిరి?"

"బళ్ళోనండి."

"ప్రతి దినమునా?"

"ఒక్కరోజు కూడా మానలేదండి. హాజరు పట్టీ చూడండి."

హాజరు పట్టీ చూశారు. నిజమే. రాజుగారు కొంచెంసేపు ఫ్యాను వైపు చూసి, తవిటినాయుడికి చెప్పారు. "రాయండి. గైర్హాజరు కాలమంతయు తాను హాజరైయున్నట్లు ఆరోపితురాలు అంగీకరించినది."

తవిటినాయుడు పెన్ను ఆపి మాస్టారి ముఖం చూశాడు. మాస్టారు కిటికీలోంచి గ్రౌండు చూస్తున్నాడు. తవిటినాయుడు రాశాడు.

అభియోగం రుజువయింది. శిక్ష ఏమిటన్నది మిగిలింది. సర్వీసు నుంచి పూర్తిగా తొలగించవచ్చు గాని, వయసు పదిహేనేళ్ళే కావడం చేత మానవతా దృక్పథంతో నిర్బంధ పదవీ విరమణతో సరిపెట్టవచ్చునని రాజుగారు అభిప్రాయపడ్డారు. అలా అయితే ఈ పిల్ల పదో తరగతి పరీక్ష రాయవచ్చా అని మాస్టారు అడిగాడు.

"పదవీ విరమణ పొందినవారు పరీక్ష రాయుటకు నిబంధనలలో వీలు లేదు," అన్నారు రాజుగారు. కాని పింఛను ప్రతిపాదనలు సకాలంలో పంపితే తాను స్వయంగా శ్రద్ధ తీసుకుంటానన్నారు. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నారు. చెడ్డమనిషి కాదు.

ఝాన్సీని క్లాసుకి పంపేశాక మాస్టారు టీ తెప్పించాడు. గ్లాసు రాజుగారి ముందు పెట్టి, ఎదురు కుర్చీలో కూర్చున్నాడు.

ఇక్కడొక సంగతి చెప్పాలి. మండలంలో అందరికీ తెలిసినా ఎవరూ నోరెత్తని సంగతి. వరహాలరాజుగారు ఈ మండలానికి రాకముందు ఏడు నెలలు ఏ పోస్టూ లేకుండా ఉన్నారు. పాత చోటునుంచి తప్పించారు, కొత్త చోటు ఇవ్వడం మరిచిపోయారు. దాన్ని కంపల్సరీ వెయిటింగు అంటారు. ఆ ఏడు నెలలూ జిల్లా ఆఫీసు వరండాలో ఒక చెక్క బెంచీ మీద, టిఫిను డబ్బా ఒళ్ళో పెట్టుకుని ఉత్తర్వుల కోసం కూర్చునేవారు. దారిన పోయే అటెండర్లు, "ఈరోజూ రాలేదా సార్" అని పలకరించి పోయేవారు.

"సార్," అన్నాడు మాస్టారు, "ఒక నిబంధన గురించి అడుగుతాను. మీరు జిల్లా ఆఫీసులో ఉన్న ఏడు నెలలూ రిజిస్టర్లో గైర్హాజరు అని రాశారా?"

రాజుగారి చేతిలో గ్లాసు ఆగిపోయింది. ఆయన నోట మామూలు మాటలు మండలంలో అప్పుడే మొదటిసారి వినబడ్డాయి.

"ఎవరన్నారు? పొద్దున్న పదికల్లా వచ్చి కూర్చునేవాణ్ణి. ఒక్కరోజూ ఆలస్యంగా పోలేదు. ఏ పోస్టో వాళ్ళు తేల్చకపోతే అది నా తప్పా మాస్టారూ?"

"కాదు సార్."

"డ్యూటీగానే పరిగణించారు. ఏడు నెలలూ. ఉత్తర్వు కాపీ ఇంట్లో ఉంది, లామినేషను చేయించాను."

"ఈ పిల్లా అంతే సార్. పొద్దున్న తొమ్మిదికల్లా వచ్చి కూర్చుంటోంది. ఏ వృత్తో ఇంకా తేలలేదు."

రాజుగారు టీ పూర్తిగా తాగి, గ్లాసు కింద పెట్టి, మూతి తుడుచుకున్నారు. జేబులోంచి పెన్ను తీశారు. విచారణ నివేదిక ఆఖరి పేజీ కొట్టేసి, కొత్త పేజీ మీద తన చేత్తోనే రాశారు.

"కుమారి కెల్ల ఝాన్సీ వృత్తిలో చేరుటకు సంసిద్ధముగా ఉన్నది. వృత్తియే ఇంకను కేటాయింపబడలేదు. కావున ఆమె ఉత్తర్వుల నిమిత్తము నిరీక్షణలో ఉన్నట్లు భావించి, అట్టి కాలమంతయు విధినిర్వహణగా పరిగణించవలెను. ఆమెపై అభియోగములు ఉపసంహరించడమైనది."

లేచి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగారు. "బెంచీ మీద కూర్చోవడం తేలిక కాదు మాస్టారూ," అన్నారు.

డిసెంబరు తొమ్మిదిన పరీక్షల జాబితా వెళ్ళింది. ఝాన్సీ పేరు ఇరవై మూడో వరసలో ఉంది.

సంగతి బయటికి పొక్కడానికి మూడు రోజులు పట్టింది. నిరీక్షణలో ఉన్నవాళ్ళకి బదిలీలు ఉండవు. సీనియారిటీ తగాదాలు ఉండవు. అరవై రెండో ఏట రిటైరవనక్కర్లేదు. పైగా అది డ్యూటీ. నిరీక్షణ వృత్తే కాదు కాబట్టి, వృత్తి మార్చుకోకూడదన్న నిబంధన దానికి అడ్డురాదు. షామియానా కుర్రాడు నియామక అధికారికి చెప్పకుండానే దరఖాస్తు పెట్టేశాడు. టైలరింగు అమ్మాయి పెట్టింది. వికెట్ కీపరు మోకాళ్ళు కారణంగా చూపించి పెట్టాడు. కాబోయే డాక్టర్లు సీనియారిటీ జాబితాలో కింద ఉన్నవాళ్ళు ముందు, పైన ఉన్నవాళ్ళు తర్వాత వచ్చి చేరారు. పక్క మండలాలకి పాకింది. నెల తిరిగేసరికి జిల్లాలో యాభై ఎనిమిదివేల మంది పిల్లలు ఏమవుతారో ఇంకా తెలియని స్థితిలోకి అధికారికంగా వచ్చారు.

రాజధానిలో దీన్ని పథకం విజయంగా లెక్కగట్టారు. ఉత్తర్వుల కోసం ఇంత క్రమశిక్షణతో ఎదురుచూసే విద్యార్థులు దేశంలో మరెక్కడా లేరని సమీక్షా సమావేశంలో ప్రశంస వచ్చింది. నిరీక్షణ పర్యవేక్షణకి ప్రత్యేకంగా ఒక సెక్షను పెట్టారు. అంతమంది ఊరికే నిరీక్షించడం బాగుండదు గనక కొత్త సర్క్యులరు కూడా వచ్చింది. నిరీక్షణలో ఉన్న విద్యార్థులు ప్రతి శనివారం అపరాహ్నం రెండు నుంచి నాలుగు వరకు ఉపాధ్యాయుని సమక్షంలో భౌతికంగా నిరీక్షించవలెను. నిరీక్షించినట్లు రిజిస్టర్లో నమోదు కావలెను.

తవిటినాయుడు సర్క్యులరు పైకి చదివాడు. మాస్టారు దాన్ని చేతిలోకి తీసుకుని రెండుసార్లు, ఒక్కో మాటా ఆగి ఆగి చదివాడు.

"ఎక్కడ నిరీక్షించాలో ఇందులో లేదు నాయుడూ," అన్నాడు.

"నేదండి," అన్నాడు తవిటినాయుడు. అతని ముఖం నెమ్మదిగా వికసించింది. "నేదు."

ఆ శనివారం పదో తరగతి పిల్లలు ముప్ఫై నలుగురు రేవు దగ్గర ఐసు ఫ్యాక్టరీలో నిరీక్షించారు. ఐసు దిమ్మ గట్టిపడడానికి ఎంతసేపు పడుతుందో, మధ్యలో కరెంటు పోతే ఏం చేస్తారో, గ్యాసు లీకయితే ముక్కుకి ముందు ఎలా తెలుస్తుందో ఆపరేటరు చూపించాడు. ఝాన్సీ అడిగిన ప్రశ్నలకి జవాబు చెప్పలేక అతను యజమానిని పిలిచాడు. యజమాని మెకానిక్కుకి ఫోను చేశాడు. పైశనివారం పోస్టాఫీసులో నిరీక్షించారు. ఉత్తరాల సంచీ విప్పి, ఊళ్ళవారీగా పంచి, చిరునామా సరిగ్గా లేని కవరు ఎవరిదో ఆరా తీసేదాకా పోస్టుమాస్టరమ్మ పక్కన నిలబడ్డారు. తిరిగొస్తుంటే ఆ పని ఎలాంటిదని తొమ్మిదిమంది తొమ్మిది రకాలుగా వాదించుకున్నారు. ఇద్దరు మాత్రం ఐసు ఫ్యాక్టరీయే నయమన్నారు. మాస్టారు సైకిలు నడిపించుకుంటూ వెనకాల వచ్చాడు. ఆయనకీ పోస్టాఫీసు లోపల ఏం జరుగుతుందో అంతకుముందు తెలియదు.

ఆ సోమవారం ఝాన్సీ ఒక నోటుబుక్కు కాగితం తెచ్చి బల్ల మీద పెట్టింది. చూడాల్సిన పనులు క్లాసంతా కూర్చుని రాసుకున్నారు. చూసిన రెండింటితో కలిపి మొత్తం పంతొమ్మిది. కరెంటు సబ్‌స్టేషను ఉంది, కళ్ళద్దాల షాపు ఉంది, కోర్టు ఉంది, పడవలకి చెక్క కోసేవాళ్ళున్నారు, నర్సు కూడా ఉంది. కింద ఎవరో పెన్సిలుతో 'మండలాఫీసు' అని రాసి, మళ్ళీ కొట్టేశారు. మాస్టారు కాగితం మడిచి పెట్టుకుని, వచ్చే శనివారం సబ్‌స్టేషనుకి పోదామన్నాడు. శుక్రవారం వరహాలరాజుగారి నుంచి ఉత్తరం వచ్చింది. నిరీక్షణను తనిఖీ చేయుటకు జిల్లా బృందం రానున్నందున, తదుపరి ఉత్తర్వులు వచ్చువరకు విద్యార్థులు పాఠశాల ఆవరణలోనే నిరీక్షించవలెనని.

పరీక్షలు మార్చిలో. పంతొమ్మిది పనుల్లో రెండు చూశారు. మిగతా పదిహేడూ ఇంకా చూడలేదు.